బావమరిది నిద్ర

ఫిబ్రవరి 3

గురకకు పరీక్షట. ఒంటినిండా వైర్లు అంటించి పడుకోబెట్టారు. ఆ డాక్టరుకి ఇంకా మీసాలే సరిగ్గా రాలేదు. నిద్రలో గొంతు మూసుకుపోయి మాటిమాటికీ నా ఊపిరి ఆగిపోతోందట. అందుకే పగలు తూగుతున్నానట. పేరు స్లీప్ ఆప్నియా. బరువు తగ్గమన్నాడు, మందు మానమన్నాడు, రోజూ ముక్కులోకి గాలి ఊదే మిషన్ మాస్క్ పెట్టుకుని పడుకోమన్నాడు. ఊపిరి ఆగినవాడు చచ్చిపోవాలి కదా. నేను శుభ్రంగా మెట్లు దిగి ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 4

మిషన్ వాడినట్టు రిపోర్టు వస్తేనే కంపెనీ నన్ను క్రేన్ ఎక్కనిస్తుందట. ఆ రిపోర్టు మిషనే సొంతంగా పంపుకుంటుంది. చాడీలు చెప్పే మిషన్! ఇరవై అంతస్తుల ఎత్తున కూర్చుని ఇనుప కడ్డీలు తిప్పేవాణ్ణి నేను. కింద తిరిగే ఇంజినీర్లు నా కంటికి చీమలు. అలాంటి నాకు ముక్కుకి గొట్టం.

ఫిబ్రవరి 6

ఒక్క రాత్రి పెట్టుకున్నాను. లాగి అవతల పారేశాను.

పెళ్లాం దిగాలు పడింది. ఇన్నేళ్లుగా నా ఊపిరి ఆగినప్పుడల్లా తనే భుజం కుదిపి లేపుతోందట. గొప్ప చెప్పుకోవడానికి మనిషికి ఏదో ఒకటి కావాలి. పట్టపగలు కూర తరుగుతూ కునికేది ఈవిడ. జబ్బు మాత్రం నాది!

ఫిబ్రవరి 9

పరిష్కారం సోఫా మీదే ఉంది. నా బావమరిది. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు. వాడి గురక ముందు నాది జోలపాట. ఇంట్లో ఉన్నందుకు నా బదులు ఈ మాస్క్ పెట్టుకుని పడుకోమన్నాను. వాడికి తగ్గ ఉద్యోగం ఇన్నాళ్లకి దొరికింది. వాళ్లక్క మొహం తిప్పుకుంది. తిప్పుకోనీ.

ఫిబ్రవరి 18

డాక్టరు ఫోన్ చేశాడు. రిపోర్టు అద్భుతంగా ఉందట. నాలాంటి పేషెంటు అరుదట. నవ్వాపుకోలేక చచ్చాను. వీడికి ఎవడు డిగ్రీ ఇచ్చాడో.

ఫిబ్రవరి 21

బావమరిది పొద్దున్నే లేచాడు. తలనొప్పి పోయిందట, ఒళ్లు తేలిగ్గా ఉందట. మాస్క్ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాడు. తల దువ్వుకుని పని వెతుక్కోవడానికి వెళ్లాడు. సూర్యుడు పడమట పొడిచాడు.

నేను లిఫ్టులో నిలబడే కునికాను. ఎండ ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 27



మధ్యాహ్నం కడ్డీల కట్ట గాల్లో ఉండగా కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపో తెలియదు. వాకీటాకీలో కింద సిగ్నల్ ఇచ్చేవాడి కేక వినిపించి లేచాను. కట్ట వెళ్లి కూలీల షెడ్డు కప్పుని పీక్కుపోయింది. అందరూ భోజనాలకి వెళ్లారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అంతే.

ఫిబ్రవరి 28

సైట్ మేనేజరు టై కట్టుకున్న గాడిద. నా రిపోర్టు ముందు పెట్టుకున్నాడు. రోజూ ఇంత బాగా నిద్రపోతున్నవాడికి పగలు నిద్రెలా వస్తుందని అడిగాడు. జబ్బు కాదు కాబట్టి తాగి ఎక్కి ఉండాలని తనే తేల్చాడు. రేపటికల్లా సంజాయిషీ చెప్పాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. గాడిద లెక్కలో తప్పు దొరకలేదు. అదీ నా మంట.

మార్చి 1

బావమరిది పిలవకుండానే ఆఫీసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మేనేజరు ముందు నిలబడ్డాడు.

"ఆ నిద్ర నాది సార్. బావది కాదు," అన్నాడు.

నా బతుకులో నన్నింత తల దించుకునేలా చేసినవాడు లేడు. నన్ను కాపాడినవాడూ వీడే. అది ఇంకా కంపరం. మేనేజరు చాలాసేపు తిట్టి, ఉద్యోగం ఉంచాడు. నెలరోజులు నా సొంత నిద్ర రిపోర్టు వచ్చేదాకా కింద స్టోర్లో నట్లూ బోల్టులూ చూసుకోవాలి. చీమల్లో ఒక చీమని. బావమరిది రేపే ఆ డాక్టరు దగ్గర టెస్ట్ చేయించుకుంటాడట.

మాస్క్ నాకిచ్చేటప్పుడు పట్టీలు ఎలా బిగించాలో వాడే నేర్పాడు. వాడు, నాకు!

మార్చి 6, తెల్లవారుజాము

మాస్క్ పెట్టుకునే ఉన్నాను. ఏదో చప్పుడైతే మెలకువొచ్చింది. ఈ నాలుగు రాత్రుల్లో నా భుజం ఎవరూ కుదపలేదు.

నా పెళ్లాం గురక పెడుతుందని పెళ్లయిన ఇన్నేళ్లకి తెలిసింది.