గాలి కబురు

జనవరి, ఆదివారం రాత్రి

మంచుకి రోడ్లు మూసేశారని ఆయన ఇంటి నుంచే పని చేశారు. ఈ ఒక్కరోజైనా నాతో ఉంటారనుకున్నాను. ఫుట్‌బాల్ పందేలకు రేట్లు పెట్టే పని ఆయనది. మ్యాచ్ జరిగే ఊళ్ళో గాలి మారితే రేట్లూ మార్చాలి. ఆ కబురు ఫోన్‌లో చెప్పేది ఆయనతో పనిచేసే జెన్నీ. పొద్దుటి నుంచి ఆయన చెవిలో ఆమె గొంతే.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని ఫోన్‌లో ఆ ఊరి గాలి చూడటం నేనూ నేర్చుకున్నాను.

"ఏమండీ, అక్కడ గాలి పెరిగింది."

"జెన్నీ ఇందాకే చెప్పిందిలే. కాస్త టీ పెట్టు."

టీ మరుగుతుండగా మళ్ళీ చూస్తే గాలి పడిపోయింది. కప్పు ఆయన పక్కన పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

కాసేపటికి గదిలోంచి, "ఇంతసేపు చెక్ చేయలేదా, జెన్నీ?" అని ఇంగ్లీషులో విసుక్కోవడం వినిపించింది. రేట్లు తప్పితే పైవాళ్ళతో మాట పడేది ఆయన కూడా అని తెలుసు. అయినా నవ్వొచ్చింది.