కొడువా నోట్‌బుక్

1983 ఏప్రిల్ 11, తిరువళ్ళూరు

ముప్పై ఏళ్ళ కిందట నా బావమరిది ఆదికేశవులు ఒక మాట ఇచ్చాడు. కొడువా (పండుగప్ప) చేప మీద నేను రాసిన ఇరవై రెండు పేజీలూ ఇంగ్లీషులో టైపు చేసి, దీపావళిలోగా మద్రాసు జర్నల్‌కి పంపిస్తానన్నాడు. పంపలేదు. నోట్‌బుక్కూ తిరిగి ఇవ్వలేదు. అప్పటినుంచి వాడితో నాకు మాటల్లేవు. పన్నెండేళ్ళ కిందట వాళ్ళక్క, అంటే నా భార్య కమలాంబ పోయినప్పుడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను తల తిప్పుకున్నాను.

ఇవాళ లైబ్రరీలో ఒక విదేశీ పత్రిక చూశాను. కొడువా మొదట మగది, కొన్నేళ్ళు పెరిగాక ఆడదవుతుందని దొరలు ఈ మధ్యే కనిపెట్టారట. నేను 1953లోనే రాశాను. లైబ్రేరియన్‌తో ఆ మాటే చెప్పాను. అవునా సార్ అని ఫ్యాను స్పీడు పెంచుకున్నాడు.

ఏప్రిల్ 12

తిరుత్తణిలో ఉన్న ఆదికేశవులుకి కార్డు రాశాను. నోట్‌బుక్ పంపమని. క్షేమం అడగలేదు.

ఏప్రిల్ 20

జవాబు లేదు. పొద్దుటినుంచి ఎన్నూరు మొగ, ఏరు సముద్రంలో కలిసే చోటు, కళ్ళముందు ఉంది.

ఐప్పసి నెల వానలకు ఏరు పొంగి ఇసుక కట్టను తెంపుకుని సముద్రంలో పడేది. అప్పుడు నేనూ ఆదికేశవులూ వెదురు గడలతో మొదటి రైలుకి వెళ్ళేవాళ్ళం. బతికున్న మడవ చేపను వీపు దగ్గర గాలానికి గుచ్చి వదలాలి. కొడువా మిగతా చేపల్లాగా కొరికి చూడదు. నోరు ఒక్కసారి తెరుస్తుంది, నీళ్ళతో సహా ఎరను లోపలికి లాగేస్తుంది. టప్పుమని చప్పుడు. ఆ తర్వాత నీళ్ళపైకి ఎగిరి తల విదిలిస్తుంది. మొప్ప అంచు కత్తిలా ఉంటుంది, దారం తెగిపోతుంది. అందుకే గాలం పైన జానెడు ఇనప తీగ కట్టేవాళ్ళం.

అది ఏట్లో తిని ఏట్లో పెరుగుతుంది. కానీ ఉప్పునీళ్ళలో తప్ప గుడ్లు పెట్టదు. మొగ తెరుచుకునేదాకా కట్టకి ఇవతల నెలల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఎంత చదివినా నాకు నచ్చిన సంగతి అదొక్కటే.

మాకొక నియమం ఉండేది. చెయ్యంత పొడుగు లేనిదాన్ని వదిలేయాలి, పెద్దదాన్ని తేవాలి. అది దయ అనుకున్నాం. బజారులో కొన్న చిన్నవీ కోసి చూస్తే తెలిసింది, రెండు మూడు కిలోలవన్నీ మగవి, పొట్టలో పాలు, అంటే మగబీజం. ఎనిమిది కిలోలు దాటినవన్నీ గుడ్లే. ఏటా తల్లులనే ఏరి ఏరి చంపాం.

మే 2

కార్డు వచ్చింది. ఆదికేశవులు కూతురు మీనాంబ తమిళంలో రాసింది. నాన్నకి రెండు కళ్ళూ పోయాయట. నోట్‌బుక్ భద్రంగా ఉందట, పోస్టులో పంపడట, మామే వచ్చి తీసుకోవాలట.

వెళ్ళను.

మే 3

వెళ్ళను.

మే 9, సాయంత్రం

వెళ్ళాను. ప్యాసింజర్ అరక్కోణంలో గంట నిలబడింది. దిగి వెనక్కి వచ్చే బండి ఎక్కుదామనుకున్నాను. టీ తాగుతుండగా ఇదే కదిలింది, ఎక్కేశాను.

వాడింకా తను పాఠాలు చెప్పిన టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీదే ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు విని, ఎడమ కాలు ఇంకా ఈడుస్తానే ఉండావే అన్నాడు. మీనాంబ కాఫీ ఇచ్చి, మామా మీరిద్దరూ కొట్టుకుంటే విడదీయడానికి నేను కిందే ఉంటానని చెప్పి వెళ్ళింది.

ఆదికేశవులు నోట్‌బుక్ నా ఒడిలో పెట్టాడు. పద్నాలుగో పేజీ తియ్యమన్నాడు. నేను అతికించిన చేప పొలుసులు పసుపుపచ్చగా మారాయి. వాటి పక్కన బూడిద వేలిముద్ర. చేప జారకుండా చేతికి బూడిద రాసుకుని కోసేది కమలాంబ. ఆ చేత్తోనే ఒకరోజు చేప పొట్టలోంచి తీసిన సంచి ఒకటి కంచంలో పెట్టుకుని నా గదిలోకి వచ్చింది. సగం పాలు, సగం గుడ్లు.

"ఇది మొగుడా పెండ్లామా, ఇంగ్లీషు చదివినోళ్ళు చెప్పండి," అనింది.

దానికి ముందు రెండేళ్ళుగా ఆమె చెబుతూనే ఉంది, చిన్నదంతా మగదే, పెద్దదంతా ఆడదే అని. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

మొదటి పేజీ తియ్యమన్నాడు. నా పేరు కింద వాడి చేతిరాతలో ఆమె పేరు. దాని మీద నా సిరా గీత. నేను గీసినదే. అప్పుడు అన్న మాట కూడా గుర్తుంది, పేపరు నిండా వంటింటి వాసన కొడుతుందన్నాను.

"అక్క పేరు కొట్టేసినావు బావా. అందుకే పంపలే."

ఆమెకి తెలుసా అని అడిగాను.

"తెలుసు. ఆయన పేరొక్కటే పెట్టి పంపెయ్‌రా అనింది. నేనే ఇన్లేదు."

ఇప్పుడు టైపు చెయ్యమంటావా అని అడిగాడు. కళ్ళు లేకపోయినా వేళ్ళకి అక్షరాలు తెలుసట, నువ్వు చదువు చాలన్నాడు. ఏ పేర్లతో అన్నది అడగలేదు. నేనూ చెప్పలేదు. నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని బండెక్కాను.

జులై 30

నోట్‌బుక్ తెరవలేదు. బీరువాలో ఉంది.

నవంబర్ 22

తామరైపాక్కం ఆనకట్ట మీద నీళ్ళు పొర్లుతున్నాయి. మీనాంబ వాళ్ళ నాన్నని బస్సులో తీసుకొచ్చింది. మొగదాకా పోయే ఓపిక ఇద్దరికీ లేదు. ఎన్నూరు నుంచి ఏరు ఎక్కివచ్చిన కొడువాలు ఇక్కడ గోడకి తగిలి ఆగిపోతాయి. ఆనకట్ట కింద రాయి మీద కూర్చున్నాం. నేను గడ పట్టాను. వాడు చెవులు రిక్కించాడు.

మూడు గంటలు ఏమీ లేదు. ఈ వయసులో చేప మనల్ని చూసి నవ్వుతుందని వాడన్నాడు. నిన్ను చూసి నవ్వినా నీకు కనిపించదుగా అన్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత ఇద్దరం నవ్వాం.

చప్పుడు నాకంటే ముందు వాడికే వినబడింది.

"కొట్టింది బావా."

నాలుగు కిలోలు ఉంటుంది. మీనాంబ నా నడుం పట్టుకుంటే తప్ప ఒడ్డుకి లాగలేకపోయాను.

ఇంటికి తెచ్చి కత్తిపీట ముందు నేనే కూర్చున్నాను. ఇంట్లో బూడిద లేదు, గ్యాసు పొయ్యి వచ్చి ఏడేళ్ళయింది. చేప రెండుసార్లు చేతిలోంచి జారింది. బొటనవేలు తెగింది. పొట్ట చీల్చి సంచి తీశాను. సగం పాలు, సగం గుడ్లు.

కంచంలో పెట్టుకుని లేచి, ఇదిగో చూడు అని గది వైపు రెండడుగులు వేశాను. గదిలో ఎవరూ లేరు. అందులో ఎప్పుడూ కూర్చునేది నేనే కదా.

నవంబర్ 23

బీరువా తెరిచాను. నేను చదివాను, ఆదికేశవులు నా పాత రెమింగ్టన్ మీద కొట్టాడు. మొదట ఆమె పేరు, తర్వాత నాది. వాడి వేళ్ళు ఒక్క తప్పూ చెయ్యలేదు.

డిసెంబర్ 1

కవరు పోస్టు చేశాను. ఇది ఇప్పటికే తెలిసిన సంగతి అని వాళ్ళు తిప్పి పంపుతారు. పంపనీ.

నా పేరూ రాయి అని ఆమె ఒక్కసారి అడిగి ఉంటే రాసేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు పక్కనే ఉండి అడగలేదు. ఆదికేశవులు మీది కోపం వదిలేశాను. ఆమె మీది కోపం మాత్రం వదలను. అడక్కపోయినా పేరు రాస్తున్నాను.

కమలాంబ.