చెంబెడు నీళ్ళు

9 మే 1961, విడవలూరు

దాహం. ఈ మాట తప్ప ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

బిడ్డ పుట్టి మూడు రోజులైంది. ఆడపిల్ల. నార్మల్ డెలివరీ, అమ్మగారింట్లోనే. నాకు పొద్దున గిద్దెడు, సాయంత్రం గిద్దెడు కాచిన నీళ్ళు ఇస్తున్నారు. అందులోనూ వాము. బయట అగ్ని కర్తరి, కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని చూరు కింద కూర్చుంటున్నాయి. నా గదికి మాత్రం కిటికీ మూసి, మంచం కింద కుంపటి పెట్టి, నా చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ చుట్టారు. నీళ్ళు తాగితే వాతం కమ్ముతుందట. ఒళ్ళు నీరు పడుతుందట. బిడ్డకు రొంప చేస్తుందట. అట్లా అయినవాళ్ళను ఒక్కరినైనా చూపించమన్నాను. పెద్దోళ్ళు ఊరికే చెప్పరు మే, అంది అమ్మ.

పెళ్ళికి ముందు నెల్లూరులో టీచరుగా చేశాను. మంచినీళ్ళు బాగా తాగండి, ఒంటికి నీళ్ళకు మించిన మందు లేదు అని హైజీన్ క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. ఆ టీచరమ్మకు ఇప్పుడు పెదాలు పగిలి రక్తం కారుతోంది.

బాలింత చదవకూడదు, రాయకూడదు, కళ్ళు పోతాయట. పోతే పోనీ. ఈ నోటుబుక్కు పక్కబట్టల కింద పెట్టుకుంటున్నాను.

10 మే

పొద్దున బర్రెకు గోలెం నిండా కుడితి పెట్టారు. అది తాగే చప్పుడు మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

11 మే

మా నాన్న పంచాయతీ మెంబరు. పద్మనాభయ్య గారంటే ఊళ్ళో మర్యాద. ఇవాళ అరుగు మీద కూర్చుని కలెక్టరు గారికి అర్జీ రాయించాడు. విడవలూరు ప్రజలకు రక్షిత మంచినీటి సౌకర్యం లేక స్త్రీలూ శిశువులూ అలమటిస్తున్నారట. పక్కవాళ్ళకు వినిపించాలని గట్టిగా చదివించాడు. నాకూ వినిపించింది. తలుపు సందులోంచి పిలిచి, నాన్నా, ఊరి స్త్రీల సంగతి తర్వాత, ముందు నాకో గ్లాసు ఇప్పించు అన్నాను. ఆడోళ్ళ సంగతులు నాకెందుకమ్మా, మీ అమ్మనడుగు అని అర్జీలో మునిగిపోయాడు.

సాయంత్రం మా ఆయన కావలి నుంచి వచ్చారు. ఆయనది వ్యవసాయ శాఖలో ఉద్యోగం, ఫీల్డ్‌మన్. నారుమడికి నీళ్ళు ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో రైతులకు చెప్పడమే పని. గుమ్మం అవతలే నిలబడి, హార్లిక్స్ డబ్బా లోపలికి జరిపి, పెద్దవాళ్ళు చెప్పినట్టు కొంచెం అడ్జస్ట్ చేసుకో ప్రమీలా అన్నారు. నారుకైతే అడ్జస్ట్‌మెంట్ చెప్పరేం అని అడిగాను. నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోతూ పోతూ మా అమ్మ చేతి మజ్జిగ రెండు గ్లాసులు తాగి వెళ్ళారు.

13 మే

పాలు పడడం లేదు. బిడ్డ చప్పరించి చప్పరించి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఇప్పుడైతే ఏడవడం కూడా తగ్గించింది. నాకు భయంగా ఉంది.

మా అవ్వ, నాన్నను కన్నతల్లి, దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి కుంపట్లో పోసింది. ఆ ఘాటుకు నేనూ బిడ్డా దగ్గి చచ్చాం. తర్వాత మైపాడు నుంచి పాలసొర తెప్పించారు. బాలింతకు పాలు పడాలంటే పాలసొర తినాలి, అది నిజమేనేమో. వెల్లుల్లి దట్టించి ఎండుగా వేపుడు చేశారు. తిన్నాను. నాలుక అట్ట కట్టింది. నీళ్ళడిగాను. పాలసొర మీద నీళ్ళా అని అమ్మా అవ్వా ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆ సొరచేప పుట్టి పెరిగింది నీళ్ళలోనే గదా అన్నాను. అవ్వకు కోపం వచ్చింది, చదువుకున్న నోరు అంది.

14 మే

బ్లాకు ఆసుపత్రి నర్సు జయశీల గారు వచ్చారు. నల్ల గొడుగు, తెల్ల చీర, మెడలో సన్నటి సిలువ. బిడ్డ నోట్లో వేలు పెట్టి చూశారు. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలారు. గుడ్డలెన్ని తడుపుతుందని అడిగారు. మొహం మారిపోయింది. అమ్మను పిలిచి, తల్లికి నీళ్ళు లేకపోతే పాలెక్కడి నుంచి వస్తాయమ్మా, అడిగినప్పుడల్లా ఇవ్వండి అన్నారు. బుధవారం మళ్ళీ వస్తాను, అప్పటికి బిడ్డ ఇట్లాగే ఉంటే నెల్లూరు పెద్దాసుపత్రిలో చేర్చాలన్నారు. అప్పటికి ఆలస్యం కాకూడదని కూడా అన్నారు.

అమ్మ సరే తల్లీ, అట్టనే తల్లీ అని తలూపింది. ఎండన పడి వచ్చినావు అని ఆమెకు చెంబు నిండా చల్లటి నీళ్ళిచ్చింది. నా కళ్ళ ముందే. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో గది తలుపు మూసేసింది.

నేను అరిచాను. జీవితంలో అమ్మ మీద అట్లా అరవలేదు. నువ్వు నన్నూ నా బిడ్డనూ చంపేదాకా నిద్రపోవు అన్నాను. అమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. బయటికి వెళ్ళిపోయింది. బాగా అయింది అనుకున్నాను.

15 మే

ఇవాళ నాకు స్నానం. నీళ్ళు పోసేది మస్తానమ్మ. నేను పుట్టకముందు నుంచీ మా ఇంటికి వస్తోంది. కాగులో వావిలాకు వేసి కాచిన నీళ్ళు, చేదు. ఆమె సున్నిపిండి కలుపుతుంటే అటు తిరిగి దోసిళ్ళతో కాగులో నీళ్ళు తాగేశాను. నోరు కాలింది. ఆపలేకపోయాను.

మస్తానమ్మ చూసింది. కేకలేస్తుందనుకున్నాను. ఇంకో ముంత ముంచి ఇచ్చింది. మీ అమ్మను మాత్రం ఏమనబాకమ్మా అంది. ఎందుకనకూడదు అని రుసరుసలాడాను. అప్పుడు చెప్పింది.

మా అక్క సామ్రాజ్యం కాన్పులో పోయింది. అంతవరకే నాకు తెలుసు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, నన్ను ఇందుకూరుపేటలో మా అత్త దగ్గర వదిలారు. అక్కకు ఈ గదిలోనే, బిడ్డ దక్కని పురుడు. జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతూ నీళ్ళు, నీళ్ళు అని అడిగిందట. అవ్వ వద్దంటే వద్దంది. అమ్మ ఓర్వలేక, అవ్వ చూడకుండా, చెంబెడు నీళ్ళు తాగించింది. తెల్లారేసరికి అక్క లేదు. శవం వాకిట్లో ఉండగానే, ఊరంతా వింటుండగా, నీళ్ళ సంగతి తెలిసిన అవ్వ అమ్మను పట్టుకుని అన్నదట: నీ చేత్తో నీళ్ళు పోసి నీ బిడ్డను చంపుకున్నావు.

ఆ దినం నుంచీ మీ అమ్మ ఆ పిల్ల పేరే ఎత్తలేదు తల్లీ, అంది మస్తానమ్మ.

నాకు ఏడుపు రావాలి. కోపమే వచ్చింది. ఒక్కరూ నాకు చెప్పలేదు. పక్కనే ఉండి, భార్య అట్లా కుంగిపోతుంటే, కాదే శేషా, నీ తప్పు లేదే అని నాన్న ఒక్కసారైనా అన్నాడో లేదో. అర్జీలు రాయడం వచ్చు ఆయనకు.

16 మే

పురుడు. ఇంటి నిండా చుట్టాలు. తలా ఒక సలహా. జీలకర్ర తినమని ఒకామె, ముట్టవద్దని ఇంకొకామె. మేకపాలు పట్టమని ఒకరు, పడితే గొంతు మొద్దుబారుతుందని ఒకరు. కళ్ళకు కాటుక, మాడుకు ఆముదం, ముడుపు కట్టు, ఊదు వెయ్యి, తూర్పుకు తిరిగి పాలివ్వు. నా రొమ్ములో పాలు లేవే తల్లుల్లారా, ఏ దిక్కుకు తిరిగితే ఏం లాభం. అమ్మ అందరికీ పానకం పంచుతూ నా వైపు చూడకుండా తిరిగింది.

17 మే

జయశీల గారు వచ్చారు. నేను కాచుకుని ఉన్నాను. అమ్మా అవ్వా గదిలో ఉండగానే అక్క సంగతి మొత్తం చెప్పి, అది ఏం జ్వరం సిస్టర్, నీళ్ళ వల్ల మనిషి పోతుందా అని అడిగాను. అమ్మ లేచి వెళ్ళిపోబోయింది. కొంగు పట్టుకుని ఆపాను.

జయశీల గారు అమ్మతోనే చెప్పారు. అది సూతిక జ్వరం. కాన్పు చేసిన చేతుల మురికి, బొడ్డు కోసిన కత్తి మురికి లోపలికి పోయి వస్తుంది. నీళ్ళతో రాదు, నీళ్ళతో ముదరదు. జ్వరంలో ఉన్న మనిషికి నీళ్ళే కావాలి. అమ్మా, ఆ పిల్లకు ఆ రోజు ఈ ఇంట్లో జరిగిన మేలు నువ్వు పోసిన ఆ చెంబెడు నీళ్ళు ఒక్కటే.

అమ్మ ఏడవలేదు. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

అవ్వ వైపు తిరిగాను. నువ్వా మాట ఎందుకన్నావు అని నిలదీశాను. అవ్వ నోరు తెరిచి, నిజంగానే ఆశ్చర్యపోయి, అట్టన్నానా నేను అంది. ఏమో మే, చావింట్లో నోటికి ఏం వచ్చిందో ఎవురికి గుర్తు, అంది.

గుర్తే లేదు ఈమెకు. పదమూడేళ్ళు మా అమ్మ మోసిన మాట అన్న మనిషికి గుర్తే లేదు. పెద్దదని చూడకుండా ఎన్నన్నానో నాకే తెలియదు. అన్నందుకు విచారం కూడా లేదు.

సాయంత్రం అమ్మ కుంపటి తీసేసింది. కిటికీ తెరిచింది. సముద్రపు గాలి వచ్చింది. కొత్త కూజా తెచ్చి మంచం పక్కన పెట్టింది. నా చేత్తో ఇయ్యలేనమ్మణ్ణీ, నువ్వే వంచుకో, అని వెనక్కు చూడకుండా వెళ్ళింది.

కూజాలో సగానికి పైగా తాగాను.

18 మే

అమ్మ పొద్దుటి నుంచి నా మెడ మీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉంది. జ్వరం లేదమ్మా అంటే, ఊరికే చూస్తుండా అంటుంది.

20 మే

పాలు. రవిక తడిసింది. బిడ్డ తాగి తాగి మధ్యలోనే నిద్రపోయింది, మూతి పక్కన పాలు కారుతుండగా. ఇప్పుడు ఏడ్చాను.

అవ్వ వచ్చి చూసి, పాలసొర మహిమ అంది. కూజా ఆమె నెత్తిన పగలగొట్టాలనిపించింది. కూజా అవసరమని ఊరుకున్నాను.

26 మే

ఇరవై ఒకటో రోజు, బాలింత మళ్ళీ బావి ముట్టే రోజు. ఇవాళ నా చేత బావిలో చేద వేయించారు. పసుపు రాసి, పూజ చేసి, ఒక చేద తోడి బిందెలో పోశాను. పేరంటాళ్ళు లేవబోతుంటే అమ్మ వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుని, రెండోసారి వేసింది. అది ఎవురికే అని అవ్వ అడిగింది.

సామ్రాజ్యానికి, అంది అమ్మ.