ఆ చూపు నాది కాదు

బ్యూనోస్ ఎయిరెస్, మతదేరోస్ పేట
1994 అక్టోబరు 20

ప్రియమైన లియొనోర్ అక్కకు,

తమ్ముడు ఎవరిస్తో నమస్కరించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. మేమందరం అంటే నేనూ, పిల్లీ. అక్కడ నువ్వూ, పిల్లలూ, మీ దక్షిణపు గాలికి ఎగిరిపోకుండా మిగిలిన మీ ఇంటి పైకప్పు రేకులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. జవాబు రాయలేదని నన్ను తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో. ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి ఆ తిట్లు చాలవు.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. నా మోకాలు ఫరవాలేదు, వాన పడేముందు మాత్రం రేడియో కంటే ముందే కబురు చెబుతుంది. వంటింటి గోడ చెమ్మ అలాగే ఉంది. ఇంటాయన వచ్చి చూసి, తల పంకించి, నా మాతే టీ రెండుసార్లు తాగి వెళ్ళాడు. నవంబరు పదమూడు ఆదివారం మన టాంగో డాన్సు క్లబ్బు వార్షికోత్సవం ఖాయం. ఎప్పటిలా సాయంత్రం అయిదింటికే మొదలు. నువ్వు టిక్కెట్టు కొనేశానని రాశావు. శనివారం పొద్దున్న రెతీరో బస్టాండులో దిగుతావు. సంతోషం అని రాయాలి. రాయలేకపోతున్నాను.

మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చోవడం ఇంకా ఉందా అన్నావు. ఉంది, ఇర్మా బతికున్నంతకాలం ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఇప్పటికీ ఆవిడే చెబుతుంది. పోయిన నెల ఒక కుర్ర డాక్టరు, రబ్బరు బూట్లేసుకుని, హాలు మధ్యనుంచి తిన్నగా ఆవిడ బల్ల దగ్గరకే నడిచి వచ్చి, "డాన్సు చేద్దామా అండీ?" అని చెయ్యి చాపాడు. ఇర్మా అతన్ని కిందనుంచి పైకి చూసింది.

"ఏం నాయనా, నేనేమన్నా సిటీ బస్సునా, చెయ్యి చాపితే ఆగడానికి? నీ కుర్చీలోకి పోయి కూర్చో. అక్కడినుంచి నా వంక చూడు. నాకిష్టమైతే నేనూ చూస్తాను. ఇష్టం లేకపోతే దీపాల వంక చూస్తాను. నీ పరువూ దక్కుతుంది, నా ప్రాణమూ సుఖపడుతుంది."

పాపం, అతను బుద్ధిగా వెళ్ళి కూర్చుని గంటసేపు చూశాడు. చివరికి ఆవిడే జాలిపడి తలూపింది.

నీకు నవ్వొస్తుందని రాశాను. కానీ ఇర్మా మాట ఆ రోజునుంచి నా చెవిలోనే ఉంది. నీ ఆఖరి ప్రశ్న కూడా దానికే ముడిపడి ఉంది. మన మాస్టారు అబెలార్దో ఎలా ఉన్నాడు, నీ డాన్సు జోళ్ళకు కొత్త అట్టలు వేశాడా, నీ పోస్టుకార్డులకు తనే ఒక్క ముక్క జవాబు ఎందుకు రాయడు అని అడిగావు. జోళ్ళు తయారయ్యాయి. నా బీరువాలో ఉన్నాయి. మిగతాది చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

రెండేళ్ళ కిందట, నువ్వొచ్చి వెళ్ళిన కొద్ది నెలలకు, క్లబ్బు ఎదుట బస్సు కోసం నిలబడ్డాం. "ఒరేయ్, వచ్చేది ఎన్నో నంబరు?" అన్నాడు అబెలార్దో. బస్సు మా ముక్కు మీదకు వచ్చేసింది. నంబరు నా అరచేయంత ఉంది. అప్పుడు చెప్పాడు, చూపు పోతోందని, ఇక తిరిగిరాదని డాక్టర్లు తేల్చేశారని. నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఆడవాళ్ళకు తెలిసిందంటే జాలిపడి లేస్తారు. జాలిపడి లేచిన మనిషితో నాకు డాన్సు వద్దురా. వాళ్ళకిష్టమై రావాలి. లియొనోర్‌కి అస్సలు రాయకు."

"మరి ఎవరు చూస్తున్నారో నీకెలా తెలుస్తుంది మాస్టారూ?"

"నువ్వున్నావుగా."

అంతే. అప్పటినుంచి ఆయన కళ్ళు నేనే. పక్కన కూర్చుని, గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని గొణిగేవాణ్ణి. "నాలుగో బల్ల, ఆకుపచ్చ గౌను, నిన్నే చూస్తోంది." ఆయన ముఖం అటు తిప్పి, తన పద్ధతిలో గడ్డం కాస్త దించేవాడు. "ఆవిడా ఊపింది" అనేవాణ్ణి. బల్లల అంచు పట్టుకుని, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళేవాడు. ఒకసారి చేతులు కలిశాక ఆయనకు కళ్ళతో పని లేదు. అందరూ ఒకే వైపుకు తిరుగుతారు, ఎవరి దారిలో వాళ్ళుంటారు. ఏ జంటకూ ఆయన భుజం కూడా తగిలేది కాదు. నాలుగు పాటల వరస అయ్యాక ఆవిణ్ణి కుర్చీ దాకా దిగబెట్టి, పాట లేని ఆ కాసేపట్లో మళ్ళీ నా పక్కకు వచ్చేసేవాడు. పదిహేడు నెలలు ఒక్కరికీ తెలియలేదు. తెలిసినవాళ్ళు ఉన్నా, తెలియనట్టే ఉన్నారు.

మొన్న మార్చిలో గ్రిసెల్దా వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, రొసారియో నుంచి ఏడాదికోసారి వచ్చే ఆవిడ. ఆవిడ ఒక వరస మనతో డాన్సు చేసిందంటే ఆ ఏడంతా చెప్పుకోవచ్చు. అబెలార్దో ఆ రోజు కొత్త టై కట్టుకున్నాడు. రంగు కుదిరిందా అని నన్ను మూడుసార్లు అడిగాడు.

అక్కా, ఇక్కడిదాకా రాసి, నిన్న రోజంతా కలం కింద పెట్టేశాను.

వాల్ట్జుల వరస మొదలైంది. గ్రిసెల్దా మా బల్ల వైపు చూసింది. ఆయన్నే చూసింది. ఎవరి మీద చూపు నిలిచిందో తెలియని వయసు కాదు నాది.

"చూస్తోందా?" అన్నాడు అబెలార్దో.

"లేదు మాస్టారూ. అటెటో చూస్తోంది" అన్నాను.

"ఆవిడ ఇష్టం" అని కుర్చీలో వెనక్కి వాలాడు.

పాట సగమయ్యే దాకా ఆవిడ చూస్తూనే ఉంది. తరువాత చూపు మరల్చుకుంటుంటే, నేను ఎదురుపడి తలూపాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, మర్యాదకు ఊపింది. నేను లేచి వెళ్ళాను. "నేనిప్పుడే వస్తా" అని ఆయనకు చెప్పి మరీ వెళ్ళాను.

ఎందుకు చేశావంటావు. నలభై ఏళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. మా బల్ల వైపు వచ్చిన చూపులన్నీ ఆయనవే, మిగిలినవేమైనా ఉంటే నావి. చిన్నప్పుడు మన పెరట్లో మనిద్దరికీ అడుగులు నేర్పినప్పుడూ ఆయన నీతోనే చేశాడు, నాకు కుర్చీ ఇచ్చి పట్టుకోమన్నాడు. ఆ కుర్చీ నా మనసులో ఇంకా ఉందని ఆ రోజు దాకా నాకే తెలియదు. అసూయ అక్కా. దానికి వేరే పేరు లేదు.

నాలుగు పాటలూ అయ్యాక ఆవిణ్ణి దిగబెట్టడానికి నడుస్తున్నాను. దారిలో మా బల్ల దగ్గర ఆవిడే ఆగింది.

"ఏం మాస్టారూ, ఈ ఏడు నేను నచ్చలేదా? సగం పాట దాకా మీ వంకే చూశాను. మీరేమో వెనక్కి వాలిపోయారు."

నవ్వుతూనే అంది కానీ, చుట్టుపక్కల బల్లలన్నీ విన్నాయి. అబెలార్దో ముఖం నా వైపు తిప్పాడు. నేను ఊపిరి కూడా తియ్యలేదు. అయినా సరిగ్గా నేనున్న చోటికే తిప్పాడు. లేచి నిలబడి ఆవిడతో చెప్పాడు.

"తప్పు నాదేనండీ. నాకు చూపు పోయి చాలా రోజులైంది. మీరు చూసింది నాకు కనబడలేదు. మన్నించండి."

నన్ను కాపాడటానికి, ఏడాదిన్నర దాచుకున్నదాన్ని హాలు మధ్యలో బయటపెట్టేశాడు.

తరువాత జరిగింది ఇంకా ఘోరం. అందరూ మంచితనంతోనే చేశారు. పాట ఆగగానే ముగ్గురు ఆడవాళ్ళు మా బల్ల దగ్గరకు వచ్చారు. ఇర్మా, ఆ ఇర్మానే, ఆయన మోచెయ్యి పట్టుకుని, "రా అబెలార్దో, నేను నడిపిస్తాగా" అంది. ఆయన ఆవిడ మాట కొట్టెయ్యలేదు. ఆ వరస పూర్తిచేసి, కృతజ్ఞత చెప్పి, కోటు అడిగాడు.

"నేనూ వస్తాను మాస్టారూ."

"వద్దు. నువ్వు కూర్చో, నీ వంక ఎవరైనా చూస్తారేమో."

వెటకారంగా అనలేదు. అందుకే మరిచిపోలేను. మళ్ళీ ఆయన హాలు గడప తొక్కలేదు.

మే నెలలో ఒకసారి వెళ్ళాను, నా బూట్లు అరిగాయని వంక పెట్టుకుని. నీ జోళ్ళు ఆయన ఒళ్ళోనే ఉన్నాయి. వేళ్ళతో తడుముతూ అట్ట అంచు చెక్కుతున్నాడు. నా బూటు అందుకుని, మడమ మీద బొటనవేలు రాసి, "కుడివైపు అరిగింది, ఒరిగిపోతున్నావురా" అన్నాడు. మాతే కలిపి ఇచ్చాడు. నేను క్షమాపణ చెబుదామని ఆయన ఎదుట కూర్చుని, ఆయన వంక చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో చూశాక గుర్తొచ్చింది, నా చూపు ఆయనకు అందదని. నోటితో చెప్పాల్సిందే. చెప్పలేదు. వచ్చేసేటప్పుడు, "లియొనోర్‌తో వాల్ట్జులు బాకీ ఉన్నాను. ఆమె అడుగు చప్పుడు నాకు తెలుసు. నీతో పని లేదులే" అన్నాడు.

అక్కా, అబెలార్దో జులై పంతొమ్మిదిన పోయాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, వారం కూడా ఉండలేదు. ఆసుపత్రిలో ఉన్నాడని నాకు తెలిసి, రేపు వెళ్దాం అనుకున్నాను. ఆ రేపే పోయాడు. శ్మశానంలో ఇర్మా నా పక్కకు వచ్చి, "లియొనోర్‌కి తెలియజేశావా?" అంది. నేను తలూపాను. అందుకే ఎవరూ నీకు రాయలేదు. ఆయన అన్న కూతురు, నీ పేరు రాసిన కాగితం చుట్టిన జోళ్ళు నా చేతికిచ్చింది.

ఆ తరువాత నీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింట్లోనూ "అబెలార్దో నిన్ను అడిగానని చెప్పమన్నాడు" అని రాశాను. నువ్వు అవి నమ్మి, ఆయనకు ఉన్ని కండువా అల్లుతున్నానని రాశావు. అది చదివాక ఇక అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

ఫోనులో చెప్పే ధైర్యం లేదు. రావద్దని కూడా అనను. శనివారం పొద్దున్న బస్టాండుకి నాతో ఇర్మా కూడా వస్తుంది. ఆవిడకు అంతా చెప్పేశాను, వారం రోజులు నాతో మాట్లాడలేదు. జోళ్ళు ఆవిడ చేతిలో ఉంటాయి. నీ పెట్టె ఆవిడ పట్టుకుంటుంది, ఆవిడ ఇంట్లో నీకు మంచం వేసి ఉంచింది. కాబట్టి మొహమాటపడే అవసరం నీకు లేదు.

నేను ఎదురుగా, పత్రికల కొట్టు పక్కనున్న స్తంభం దగ్గర నిలబడతాను. దగ్గరకు రాను, పిలవను, చెయ్యి చాపను. నీ వంక చూస్తుంటాను, అంతే. నీకు మనసొప్పితే ఒక్కసారి తలూపు, వస్తాను. ఒప్పకపోతే వేరే ఎటైనా చూడు. నువ్వేమీ చెప్పక్కర్లేదు, నేను ఇంటికి వెళ్ళిపోతాను.

నా కళ్ళు బాగానే ఉన్నాయి అక్కా. నువ్వు ఎటు చూస్తున్నావో నాకు కనబడుతుంది. ఈసారి నాకు నేను ఉన్నదున్నట్టు చెప్పుకుంటాను.

ఇట్లు,
నీ దగ్గర కుర్చీతో అడుగులు నేర్చుకున్న తమ్ముడు,
ఎవరిస్తో