ఇరవై ఆరు మీద ఒట్టు

మే 3, ఉదయం 7:00
1985 వేసవిలో నా బావమరిది గోపాల్‌రావు మాటిచ్చాడు: "బావా, ఆదిలాబాద్ పోంగనే నీకు కూలర్ పంపిస్త." ఇంకా రాలేదు. నేను మరచిపోలేదు.

నిన్న హుజూరాబాద్ పెళ్లిలో మళ్లీ అదే ఎత్తాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన పెద్దమనిషి గోపాల్‌రావు, అందరి ముందు నవ్వాడు. "ఏసీ పద్దెనిమిదిల పెట్టుకొని పంటవు, ఇంకా కూలర్ ముచ్చటేంది? ఇరవై ఆరు మీద పది దినాలు ఉండు బావా, సూస్త!"

పందెం కుదిరింది. 12న కరీంనగర్ వచ్చి చూస్తాడట. నేను గెలిస్తే అతను చుట్టాలందరి ముందు కూలర్ పంపని తప్పు ఒప్పుకోవాలి. ఓడితే కూలర్ మాట ఈ జన్మలో నా నోట రాకూడదు. నలభై ఏళ్లుగా కాపాడుకున్న కోపం! ఓడే ప్రశ్నే లేదు.

మధ్యాహ్నం 1:00
శాసనం: ఏసీ 26. ఫ్యాన్ రెండులో. తలుపులు బిగించాలి. ఆన్, ఆఫ్ గోడ స్విచ్‌తోనే.
కళ్లజోడు కనబడలేదు. పడుకుని, రిమోట్ ఛాతీకి ఆనించి, 26 కనిపించేదాకా నొక్కాను. ఏసీ మీది అంకె కళ్లలో గుచ్చుతుందని నా భార్య జానకి ఎప్పుడో దానికి అట్టముక్క అంటించింది. మంచిదే. రిమోట్ చాలు.

మే 4
అద్భుతం! 26లో వణుకు! దుప్పటి తీయాల్సి వచ్చింది. మనసు గట్టిదైతే శరీరం లొంగుతుందని చదివిందంతా నిజమే. ఆదిలాబాద్‌కు ఫోన్ చేసి చెప్పాను. గోపాల్‌రావు టక్కున ఫోన్ పెట్టేశాడు. ఎంత తీయని గెలుపు!

మే 6
పెన్షనర్ల సంఘంలో ఉపన్యాసం: "పద్దెనిమిది పెడితే గది తొందరగా చల్లబడదు. యంత్రం ఆగకుండా తిరుగుతుంది, కరెంటు కాలుతుంది, అంతే."
హనుమండ్లు లేచాడు. "సార్, ఇరవై ఆరుల నాకు ఉడకపోస్తది."
సంకల్పబలం లేని మనిషి.

మే 7, మధ్యాహ్నం 2:30
మనవరాలు ప్రణతి వచ్చింది. నేను రిమోట్ నొక్కడం చూసి పకపకా నవ్వింది.
"తాతా, రిమోట్ ఏసీ దిక్కు పట్టాలె! మీ ఛాతి దిక్కు పడితే మీరే సల్లబడతరు."
అట్టముక్క పీకింది. 18. అయిదు రోజులుగా 18!
ఇది లెక్కలోకి రాదు. తెలియక చేసింది తప్పు కాదు. ఎవరికీ చెప్పనని ప్రణతితో ఒట్టు వేయించుకున్నాను. 26 పెట్టించాను, ఈసారి ఏసీకి.

మే 8
1:00. నిజమైన 26. ఉడుకు.
1:40. బనియన్ విప్పాను.
2:10. "ఫ్యాన్ జర పెంచరాదుండ్రి" అంది జానకి. పెంచాను. హాయి! పది నిమిషాలు.

మే 9
25. చెమట చేతులతో తిప్పితే పాత పుస్తకాల పేజీలకు మచ్చలు పడతాయి. నా కోసం కాదు.

మే 10
23. జానకి మోకాళ్ల కోసం.
సాయంత్రం జానకి నిలదీసింది. "నా మోకాళ్లకు సల్లగాలే పడది. నా పేరెందుకు రాసిండ్రు?"
ఈవిడ నా డైరీ చదువుతోంది!

మే 11
2:00. బయట నలభై నాలుగు. అయిదే నిమిషాలు 18. గది తొందరగా చల్లబడాలని. (సంఘంలో ఏం చెప్పానో గుర్తుంది.)

3:30. దుప్పటిలో గాఢనిద్ర. ఎవరో కాలు తట్టారు. గోపాల్‌రావు! ఒకరోజు ముందే!
"పద్దెనిమిది, బావా, పద్దెనిమిది!"
ఓడిపోయాను. జానకి ముందు మాటిచ్చాను: కూలర్ పేరు ఇక నా నోట రాదు. నోరు చేదుగా ఉంది.
కనీసం ఇప్పుడైనా 26 పెడదామని రిమోట్ తీస్తే చెయ్యి పట్టుకున్నాడు.
"ఆగు బావా! ఆదిలాబాద్ కెల్లి బస్సుల ఉడికొచ్చిన. జర గట్లనే ఉండనియ్యి."
నా దుప్పటి లాక్కుని పక్క మంచం మీద గుర్రు పెట్టాడు.

మే 12, ఉదయం 6:00
కొత్త శాసనం. ఈరోజు నుంచి 26. ఫ్యాన్ మూడులో. రిమోట్ ఏసీ వైపు.
నోట రాకూడదన్నాడు. రాతలో రాకూడదనలేదు. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను. నలభై ఏళ్ల కింద కూలర్ పంపి ఉంటే నాకు ఈ ఏసీ అలవాటే అయ్యేది కాదు. పంపనివాడు, ఇప్పటికీ నా దుప్పటి ఇవ్వనివాడు: గోపాల్‌రావు.