తాగుడనే అనుకోనివ్వండి

ఏమండీ,

షిఫ్టుకి టైమైపోయింది, మిమ్మల్ని లేపలేదు. అన్నం, కూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. నూనె తగ్గించాను, చప్పగా ఉందని వదిలేయకండి.

హెచ్ఐవీ మాత్ర మానొద్దు. నిన్న "ఇంకెందుకులే" అన్నారు, ఆ మాట మళ్లీ అనకండి. ఇన్నేళ్లూ వైరస్ అణిగి ఉంది ఆ మాత్రల వల్లేనని డాక్టరమ్మే చెప్పింది. హెచ్ఐవీ ఉండటంతో కొవ్వు పట్టిన మీ లివర్ గట్టిపడిపోయిందని, ఇక మామూలుగా అవదని చెప్పింది కూడా ఆవిడే.

నిన్న మీరు స్నానానికి వెళ్లినప్పుడు అత్తయ్య నన్ను వంటింట్లో నిలదీశారు.

"లివర్ పాడైందంటే తాగుడే కదమ్మా? ఎన్నాళ్ల నుంచి?"

చుక్క ముట్టని మనిషని చెబితే, మరెందుకు వచ్చిందంటారు. అప్పుడు మీ హెచ్ఐవీ సంగతి చెప్పాలి, నాదీ చెప్పాలి. అవునన్నట్టు తలూపాను. "నా కడుపున తాగుబోతు పుట్టాడా!" అంటూ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆ ఏడుపు విని కూడా నేను బియ్యం కడుగుతూ నిలబడ్డాను. నన్ను తిట్టాలనుంటే సాయంత్రం వచ్చాక తిట్టండి.

ఆవిడ ముఖం తిప్పుకున్నా ఎదురు చెప్పకండి. తాగాననే ఒప్పుకోండి.

చదవగానే దీన్ని చింపేయండి.

అన్నట్టు, అత్తయ్య ఇంట్లో లేరని కంగారుపడకండి. తాగుడు మాన్పించే ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కోవడానికి తెల్లారగానే పిన్నిగారింటికి వెళ్లారు. మానేస్తే మీకు నయమైపోతుందట. ఈ ఇంట్లో ఆశ మిగిలింది ఆవిడొక్కరికే. రమ్మంటే ఆవిడ వెంట వెళ్లండి.