కొట్టేసిన వాక్యం

ఎమ్మిగనూరు,
18 జూలై 1981

ప్రియమైన హసీనాకు,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాసేశాను. ఈ రోజు ఆ మాట మీద మనసు లేదు.

మా రంగుల కార్ఖానాలో నూలు కట్టలు రంగులో ముంచే సుంకమ్మ నీకు గుర్తుందా? నువ్వు ఇక్కడ ల్యాబులో ఉన్నన్నాళ్లూ ఇంటినుంచి జొన్నరొట్టె తెచ్చి నీ బల్ల మీద పెట్టేది. సోమవారం తొట్టిలో నీళ్లు బుస్సున పొంగి ఆమె ముఖం మీదికి ఎగిరాయి. చేతులు మోచేతుల దాకా కాలాయి. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కుడికంటికి ఇక చూపు రాదన్నారు.

ఎందుకు ఎగిరాయో తెలుసా? నీ ల్యాబు పుస్తకం వల్ల. నీలం వ్యాట్ రంగు దగ్గర నువ్వు రాసిన వాక్యం ఇది: "సోడా తొట్టిలో వేసి, దాని మీద మరిగే నీళ్లు పోయాలి." ఏ సోడా, హసీనా? నేను బట్టల సోడా అనుకుని చదివి వినిపించాను. ఆ రంగుకు వాడేది కాస్టిక్ సోడా కాబట్టి స్టోరువాళ్లు అదే ఇచ్చారు, దాని మీద మరిగే నీళ్లు పడితే ఎగురుతాయి. నువ్వున్నప్పుడు ఆ రంగు నువ్వే కలిపేదానివి, తర్వాత కలపడం ఇదే మొదలు; సుంకమ్మ నేను చదివినట్టే చేసింది.

కాలేజీలో మూడేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశాం. రాసింది చదివి రేపు ఇంకొకరు చేయగలగాలి అని నాకు చెప్పిందే నువ్వు. పెళ్లి చేసుకుని ఆదోని పోయే తొందరలో ఒక మాట పూర్తిగా రాయలేకపోయావా?

జవాబు రాస్తావో లేదో నీ ఇష్టం.

గిరిజ

*

ఆదోని,
22 జూలై 1981

గిరిజా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు రంజాన్ రోజాలో, ఉపవాసం ఉన్నాను. ఈ నెలలో ఇంత కోపం పనికిరాదని మా అత్త అంటోంది. నీ మాటలు ఆమెకు చదివి వినిపిస్తే ఆమె కూడా కోపం పట్టలేకపోయింది.

సుంకమ్మ గురించి చదివి ఏడ్చాను. తర్వాత నువ్వు నన్ను అన్నది చదివి పళ్లు కొరుక్కున్నాను.

ఆ పుస్తకం తెరిచి చూడు. అది నా చేతిరాతా? ఒకే బల్ల అన్నావే, నా 'స' ఎట్లా ఉంటుందో కూడా మరిచిపోయావా? ఇంతమాట అనేముందు ఒక్కసారి అడగాలనిపించలేదా?

నా పుస్తకం అందంగా ఉండేది కాదు. నిజమే. రంగు మరకలు, కొట్టివేతలు. తేదీ వేసి, ఆ పూట ఏం చేశానో, ఏం జరిగిందో ఆ పూటే రాసేదాన్ని. తప్పు జరిగితే చించేయలేదు, రుద్ది చెరపలేదు. కింద ఉన్నది కనబడేటట్టు ఒక్క గీత గీసేదాన్ని. ఎందుకో నీకు చెప్పాలా? ఆ తప్పు ఇంకొకరు మళ్లీ చేయకుండా. కాస్టిక్ మీద వేడినీళ్లు పోసింది నేనే, మొదటిసారి. అది ఎగిరి నా మణికట్టు కాలింది. ఆ వాక్యం మీద గీత గీసి, పక్కన ఎర్ర ఇంకుతో "ఇట్లా ఎవరూ చేయకూడదు. చల్లటి నీళ్లలో కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా వేయాలి" అని రాశాను.

మేనేజరు కేశవులుకు ఆ పుస్తకం చూస్తే కంపరం. ఇన్‌స్పెక్షనుకు వచ్చేవాళ్ల ముందు పెట్టడానికి సిగ్గుగా ఉందని, అంతా శుభ్రంగా ఎత్తిరాయమన్నాడు. రాయనన్నాను. "రాయకుంటే పో" అన్నాడు. పోయాను. పెళ్లికని పోలేదు, గిరిజా. పెళ్లి తర్వాత కుదిరింది.

గుమాస్తా గోవిందును అడుగు, నేను పోయాక అక్కడ ఎత్తిరాయగలిగింది అతనొక్కడే. ఇంకొకటి. వ్యాట్ రంగు కరగాలంటే కాస్టిక్ కావాలని బీఎస్సీ చదివిన నీకు తెలియదా? ఏ సోడా అని నన్ను అడుగుతున్నావు. ఆ రోజు స్టోరువాళ్లను ఎందుకు అడగలేదు?

హసీనా

*

ఎమ్మిగనూరు,
27 జూలై 1981

హసీనాకు,

గోవిందును అడిగాను.  చెప్పాడు.

"కాపీలో కొట్టివేతలు ఉండగూడదని కేశవులు సారు సెప్పినాడమ్మా. నేను గీత తీసేసి కిందున్నది రాసినా. ఎర్ర ఇంకుది పక్కన రాసుకున్నది గదా అని వదిలేసినా."

"కాస్టిక్ అన్న మాట ఏమైంది?"

"అందరూ సోడా అనే అంటారు గదమ్మా. నాకేం తెలుసు?"

నువ్వు చేయకూడదని కొట్టేసిన వాక్యమే చేయవలసిన వాక్యమై కూర్చుంది. ప్రతి పేజీ కిందా నీ పేరు కూడా గుండ్రంగా రాసి ఉంది. అసలు పుస్తకం ఏదని అడిగితే పాత కాగితాలవాడికి వేసేశారట.

నీ చేతిరాత కాదని నేను చూడలేదు. చూడవలసింది. ఏ సోడా అని అడగవలసింది కూడా. ఆ మాట నువ్వు అన్నాక నాకు నిద్ర లేదు.

కానీ నువ్వూ విను. నేను నీ స్థానంలో ఈ ఉద్యోగంలో చేరిన రోజు నువ్వు ఆదోని నుంచి వచ్చావు. మా ఇంట్లో అన్నం తిన్నావు. "అంతా పుస్తకంలో ఉంది, భయపడకు" అన్నావు. పుస్తకాన్ని ఎత్తిరాయించాలని చూశారని, అందుకే పని మానేశానని ఒక్క మాట అనలేదు. ఎందుకు? నాకు ఉద్యోగం దొరికిన సంతోషం చెడగొట్టకూడదనా? నీ మర్యాద కోసమా? ఆ మాట అని ఉంటే ఆ పుస్తకాన్ని నేను అనుమానంతో తెరిచేదాన్ని.

ఇక్కడ సంగతి ఇంకా పాడుగా ఉంది. "కార్మికురాలి అజాగ్రత్త వల్ల ప్రమాదం" అని రాసి సంతకం పెట్టమని కేశవులు నా వెంట పడుతున్నాడు. అట్లా రాస్తే సుంకమ్మకు పనీ ఉండదు, వైద్యమూ ఉండదు. యజమాని సిద్దప్పగారు ఉరుకుంద జాతరకు పోయి వచ్చాక అందరినీ పిలిచి మాట్లాడతారట. చూపడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

గిరిజ

*

ఆదోని,
4 ఆగస్టు 1981

గిరిజా,

రంజాన్ పండగ అయింది. సేమ్యా అందరికీ పెట్టాను, నేను తినలేదు.

నేను రాయనంటే ఎత్తిరాత ఆగిపోతుందనుకున్నాను. నా వెనక గోవిందు చేత రాయిస్తాడని, నా పేరు కూడా పెట్టిస్తాడని నాకు తోచలేదు.  నీకు ఇది చాలదని తెలుసు.

నేను పనిచేసే వేరుశనగ నూనె మిల్లులో పరీక్షలన్నీ నా ఒక్కదాని మీదే ఉన్నాయి. సిద్దప్పగారు పిలిచే రోజుకు సెలవు అడిగితే, పోతే మళ్లీ రానక్కర్లేదన్నారు. మా ఆయన జిలాని తాను వస్తానన్నాడు. ఆయన వచ్చి ఏం చెప్తాడు?

నీలం రంగు పద్ధతి మొత్తం వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. ఎక్కడెక్కడ తప్పు చేశానో కూడా ఉంది. అయితే ఇది ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాసింది. ఆ రోజు రాసింది కాదు. పైన అదే మాట రాశాను. సిద్దప్పగారికి చూపేటప్పుడు ఇదే అసలు పుస్తకంలోని పేజీ అని చెప్పొద్దు. అట్లా చెప్తే నువ్వూ నేనూ కేశవులూ ఒకటే.

అజాగ్రత్త అని మాత్రం సంతకం పెట్టకు. పెట్టావంటే నా గడప తొక్కొద్దు.

హసీనా

*

ఎమ్మిగనూరు,
16 ఆగస్టు 1981

ప్రియమైన హసీనాకు,

ఈసారి తెలిసే రాశాను ఆ మాట.

నిన్న కాక మొన్న సిద్దప్పగారు పిలిచారు. కేశవులు ఆ గుండ్రటి రాత పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "చూడండప్పా, ఎంత శుభ్రంగా ఉందో. పుస్తకంలో తప్పేముంది? ఆయమ్మ చూసుకోకుండా పోసింది" అన్నాడు. నేను నీ కాగితం చూపించి, ఇది జ్ఞాపకం మీద రాసిందే అని ముందే చెప్పాను. కేశవులు నవ్వాడు. "సాక్ష్యం లేదని ఈయమ్మే ఒప్పుకుంటాంది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ పుస్తకం గొప్పతనం గురించి, గీతల గురించి, ఎర్ర ఇంకు గురించి గొంతు చించుకున్నాను. అతను అరిచాడు. నేనూ అరిచాను.

సుంకమ్మ గోడ పక్కన కూర్చుని ఉంది. కంటి మీద గుడ్డ, చేతులకు కట్లు. ఉన్నట్టుండి లేచింది.

"ఆపండి! పుస్తకం సక్కగుందా లేదా అని కొట్లాడుకుంటాండారు. ఈ పుస్తకంలో నా కన్ను యాడుంది? ఆయమ్మ రాసిన దాంట్లో లేదు, ఈయప్ప రాయించిన దాంట్లో లేదు. ఆ సోమవారం ఏం జరిగిందో ఒక్కరన్నా రాసినారా?"

ఎవరమూ రాయలేదు, హసీనా. ప్రమాదం జరిగిన రోజు నుంచి నీ మీద కోపంతో ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను కానీ ల్యాబు పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు.

గోవిందు ముందుకు వచ్చి ఎవరు ఏం రాయమన్నారో, తాను ఏం వదిలేశాడో అంతా సిద్దప్పగారికి చెప్పేశాడు. ఆయన చివరికి సుంకమ్మ వైద్యం ఖర్చు కార్ఖానాదే అన్నారు. కట్లు విప్పాక తొట్ల దగ్గర కాకుండా నూలు చుట్టే చోట పని ఇస్తామన్నారు. కేశవులును మాత్రం పనిలోంచి తీయలేదు. ఆయనకు బంధువు. ల్యాబు పుస్తకం జోలికి పోవద్దని మందలించి వదిలేశారు. ఒక కంటికి ఇంతేనా?

ఆ సాయంత్రం కొత్త పుస్తకం తెరిచాను. ఇది ఆలస్యంగా రాస్తున్నానని మొదట రాసి, రాస్తున్న రోజు తేదీ, ప్రమాదం జరిగిన తేదీ రెండూ వేశాను. సోడా అని చదివింది నేను, ఏ సోడా అని అడగనిది నేను, చెప్పినట్టు చేసింది సుంకమ్మ అని రాశాను. కుడికన్ను పోయిందని రాశాను. చదివి వినిపిస్తే సుంకమ్మ కట్టులోంచి బయటికున్న వేలితో ముద్ర వేసింది. కేశవులు సంతకం పెట్టనన్నాడు. "మేనేజరు సంతకం పెట్టనన్నారు" అని దాని కిందే రాశాను.

నీ మీద కోపం పోయిందని అనుకోకు. సుంకమ్మకూ పోలేదు. నువ్వు ఎందుకు పని మానేశావో నేను చెప్పాను. "తెలిసిన బిడ్డ ఎవరికీ సెప్పకుండా ఎట్ల పోయింది?" అంది ఆమె.  ఆ జవాబు నేను చెప్పవలసింది కాదు, నువ్వు చెప్పవలసింది.

వచ్చే ఆదివారం మీ మిల్లుకు సెలవు కదా. ఉరుకుంద జనంతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి, నిలబడి అయినా రా. ముందు మా ఇంటికి కాదు. నేను బస్టాండులో ఉంటాను, ఇద్దరం కలిసి సుంకమ్మ ఇంటికి పోదాం.

నీ గిరిజ